మూడో అంకె

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఆడవాళ్ళకి లెక్కలు రావని మగవాళ్ళు సరదాకి అంటూ వుంటారు గాని, ఇంట్లో లెక్కలన్నీ మనవే కదా! నెలలో పాలవాడు రాని రోజులెన్ని, ఇస్త్రీకి వెళ్ళిన బట్టలెన్ని, తిరిగొచ్చినవెన్ని, గ్యాసు బండ మార్చి ఎన్నాళ్ళయింది, ఆవకాయకి ఉప్పూ కారం పాళ్ళెంత - ఇవన్నీ కాగితం మీద పెట్టకుండానే మనకు నోటికి వుంటాయి. ఇన్ని లెక్కలు చూసే మనం ఒక్క లెక్క మాత్రం చూడం. నెమ్మదిగా కూర్చుని వున్నప్పుడు మన గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది? మన ఇంట్లో పెద్దవాళ్ళది ఎంత? పిల్లలది ఎంత? ఇప్పటికిప్పుడు చెప్పమంటే మనలో ఎందరం చెప్పగలం?

మొన్నమొన్నటి దాకా నేనూ చెప్పలేకపోయేదాన్ని. నేను డాక్టరుని కాను. చదివింది పదో తరగతి. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల ఈ లెక్క నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకున్నది నలుగురికీ చెబితే మంచిదని ఇవాళ మీ ముందుకు వచ్చాను.

మా అత్తయ్యగారికి డెబ్భై నాలుగేళ్ళు. తెల్లవారుఝామునే లేచి, స్నానం చేసి, తులసికోట దగ్గర దీపం పెట్టి, మేము లేచేసరికి కూరలు కూడా తరిగి పెట్టే మనిషి. 2023 వేసవి వెళ్ళాక ఆవిడలో ఏదో మార్పు కనిపించింది. పూజ దగ్గర కూర్చునే కునుకు తీసేవారు. డాబా మెట్లు రెండుసార్లు ఆగి ఎక్కేవారు. మంచం మీంచి లేవగానే "కళ్ళు తిరుగుతున్నాయే అమ్మాయ్" అని గోడ పట్టుకునేవారు. ఒకరోజు స్నానాలగదిలో స్టూలు మీద కూలబడిపోయి, చాలాసేపటికి గాని పిలవలేకపోయారు.

అందరం ఒకే మాట అన్నాం - వయసు. మావారు అన్నారు, "అమ్మకి పెద్దతనం వచ్చేసిందోయ్" అని. మా ఆడపడుచు ఫోనులో అదే మాట అంది. పక్కింటి పిన్నిగారైతే, "ఈ వయసులో ఈమాత్రం తిరుగుతున్నారు, సంతోషించండి" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. దాచడమెందుకు?

మా ఇంట్లో బి.పి. మిషను ఒకటి వుంది. చేతికి పట్టీ చుట్టి మీట నొక్కితే గాలి నిండి, అంకెలు చూపిస్తుందే, అది. అత్తయ్యగారికి పదిహేనేళ్ళుగా బి.పి. వుంది. వారానికోసారి చూసి నోటుపుస్తకంలో రాయడం నా పని. 130, 80. 126, 78. రాస్తూనే వున్నాను. బి.పి. బాగానే వుంది కదా, ఇంకేమిటి భయం అనుకునేదాన్ని.

ఒక ఆదివారం మా చిన్నమ్మాయి పక్కన కూర్చుని చూస్తోంది. ఇంటరులో బై.పి.సి. చదువుతోంది. "అమ్మా, మిషను మూడు అంకెలు చూపిస్తుంటే నువ్వు రెండే రాస్తున్నావేం? ఆ మూడోది ఎవరి కోసం?" అంది. చూశాను. అడుగున, చిన్న గుండె బొమ్మ పక్కన, 42 అని వుంది.

పిల్ల వూరుకోలేదు. మిషనులో పాత లెక్కలు కొన్ని దాగి వుంటాయట. మీట నొక్కి ఒక్కొక్కటే వెనక్కి తీసింది. 44, 46, 51, 58... ఇంకా వెనక్కి వెళితే 68, 70. పైన రెండు అంకెలూ కదలకుండా వున్నాయి. మూడోది మాత్రం నాలుగు నెలలుగా మెట్లు దిగుతూ వస్తోంది. అన్ని వారాలూ అది నా కళ్ళముందే వుంది. నేను చూడలేదు.

ఆ మూడో అంకే నాడి. గుండె ఒక్కసారి ముడుచుకుంటే రక్తం ఒక్క తోపుతో నాళాల్లోకి వెళుతుంది. ఆ తోపు మణికట్టు దగ్గర వేలికి తగులుతుంది. పెద్దవాళ్ళలో నిమిషానికి ఇంచుమించు డెబ్భై రెండనుకున్నా, రోజుకి లక్షసార్లు పైమాటే. పిడికిలంత గుండె చేసే చాకిరీ చూశారా!

మిషను మాట ఒక్కటే నమ్మకూడదు. కొట్టుకోవడంలో హెచ్చుతగ్గులుంటే మిషను కొన్ని దెబ్బలు లెక్కలోకి తీసుకోకుండా వదిలేయవచ్చు. అందుచేత చేత్తో చూడడం నేర్చుకోవాలి. ఇందులో కష్టమేమీ లేదు. చెబుతాను, వింటూనే చెయ్యండి.

ముందు అయిదు నిమిషాలు వూరికే కూర్చోండి. మెట్లెక్కి వచ్చిన వెంటనే, కాఫీ తాగిన వెంటనే, ఎవరి మీదనైనా కేకలేసిన వెంటనే చూడకండి. పొద్దున్న మెలకువ రాగానే పక్క దిగకముందు చూసుకుంటే మరీ మంచిది. ఎడమ అరచెయ్యి పైకి వుండేలా ఒళ్ళో పెట్టుకోండి. బొటనవేలి మొదలు నుంచి మణికట్టు మీదికి రండి. అక్కడ ఎముకకీ నరానికీ మధ్య చిన్న పల్లం వుంటుంది. కుడిచేతి మూడు వేళ్ళు - చూపుడు వేలు, నడిమి వేలు, వుంగరం వేలు - ఆ పల్లంలో మెత్తగా ఆనించండి. బొటనవేలితో చూడకూడదు. దానిలోనూ నాడి కొట్టుకుంటుంది కాబట్టి, ఎదుటివాళ్ళది అనుకుని మనదే లెక్కపెట్టే ప్రమాదం వుంది. గట్టిగా నొక్కితే నాడి అందదు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. తొందరైతే అర నిమిషం చూసి రెట్టింపు చేయవచ్చు. కాని దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం సమంగా లేదనిపిస్తే నిమిషమంతా చూడవలసిందే.

నాడి చూడడం మనకేమీ కొత్త కాదు. పూర్వం ఆచార్యులవారు వచ్చి చెయ్యి పట్టుకుంటే ఇల్లంతా నిశ్శబ్దమైపోయేదని మా అమ్మమ్మ చెప్పేది. శార్ఙ్గధర సంహితలో నాడి నడకని పాము, జలగ నడకతోనూ, కాకి, కప్ప గెంతుతోనూ, హంస, పావురాల నడకతోనూ పోల్చారు. వాళ్ళు చూసింది నడక. నిమిషాల లెక్క కావాలంటే నిమిషాన్ని కొలిచే గడియారం వుండాలి కదా! ఇంగ్లాండులో జాన్ ఫ్లోయర్ అనే వైద్యుడు సరిగ్గా ఒక నిమిషం నడిచే గడియారం చేయించుకుని, రోగుల నాడి లెక్కగట్టి, 1707లో దాని మీద ఒక పుస్తకమే అచ్చువేశాడు. ఇవాళ ఆ గడియారం ప్రతి ఇంటి గోడ మీదా వుంది.

సరే, లెక్కపెట్టాం. ఎంత వుండాలి? ఇక్కడే వయసు సంగతి వస్తుంది.

చంటిపిల్లకి తలంటేటప్పుడు మాడు మీద నూనె పెట్టి చూస్తే, అక్కడ టపటపా కొట్టుకోవడం మనందరం చూసినదే. అది ఆ పసిగుండె వేగమే. ఏడాది లోపు పిల్లలకి నిమిషానికి 80 నుంచి 160 దాకా వుండవచ్చు. ఏడ్చినప్పుడు ఎక్కువ, నిద్రలో తక్కువ. గుప్పెడంత గుండె, ఒక్క తోపులో పంపే రక్తం కాస్తే. పెరిగే ఒంటికి అవసరమేమో ఎక్కువ. అందుకని చిన్న చెంబుతో గంగాళం నింపేవాళ్ళలాగా ఎక్కువసార్లు ముంచి పొయ్యాలి. ఒకటి రెండేళ్ళ వాళ్ళకి 80 నుంచి 130. మూడు నాలుగేళ్ళకి 80 నుంచి 120. అయిదారేళ్ళకి 75 నుంచి 115. ఏడు నుంచి తొమ్మిదేళ్ళకి 70 నుంచి 110. పదేళ్ళు దాటాక పెద్దవాళ్ళ లెక్కే - 60 నుంచి 100. కాబట్టి మూడేళ్ళ పిల్లాడికి 110 వుందని కంగారుపడనక్కర్లేదు. అదే 110 వాళ్ళ నాయనమ్మకి కూర్చున్నప్పుడు వుంటే ఆలోచించాలి.

పెద్దవాళ్ళలో ఆడవాళ్ళ నాడి మగవాళ్ళకన్న కాస్త ఎక్కువ. మన గుండె పరిమాణంలో కొంచెం చిన్నది మరి. గర్భిణీలకి మామూలు కన్న పది, ఇరవై దాకా పెరుగుతుంది, ఇద్దరి పని చేయాలి కనుక. జ్వరం వస్తే సెంటిగ్రేడు డిగ్రీకి, అంటే మన ఇళ్ళలో వుండే ధర్మామీటరులో దాదాపు రెండు డిగ్రీలకి, సుమారు పది చొప్పున పెరుగుతుంది. రోజూ బాగా పరుగులు తీసే ఆటగాళ్ళకి 40, 50 మధ్య వున్నా అది రోగం కాదు. వాళ్ళ గుండె ఒక్క తోపులోనే ఎక్కువ రక్తం పంపగలదు.

మరి ముసలితనంలో? నేను అడిగిన ప్రశ్న ఇదే. "వయసుతో గుండె నెమ్మదిస్తుంది కదండీ డాక్టరు గారూ?" అన్నాను. ఆయన నవ్వి, "అందరూ అలాగే అనుకుంటారమ్మా" అని కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు.

గుండె కుడివైపు పై గదిలో, గోడలో, చిన్న కణాల గుంపు ఒకటి వుంటుందట. ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు దాన్ని కనిపెట్టి 1907లో లోకానికి తెలియజేశారు. గుండెకి తాళం వేసేది అదే. దాని మానాన దాన్ని వదిలేస్తే పడుచువాళ్ళలో నిమిషానికి నూరు దాకా కొడుతుంది. కాని మెదడు నుంచి వచ్చే ఒక నరం, జట్కా గుర్రానికి కళ్ళెంలాగా, విశ్రాంతిలో దాన్ని లాగి పట్టి డెబ్భైకి తెస్తుంది. పరుగెత్తినప్పుడు, భయపడినప్పుడు ఆ కళ్ళెం వదులవుతుంది, వేరే నరాలు వెనక నుంచి అదిలిస్తాయి.

వయసుతో ఆ కణాల చురుకు తగ్గుతుంది, నిజమే. దానితోపాటు కళ్ళెం బిగువు కూడా తగ్గుతుంది. ఒకదానికొకటి సరిపోయి, నిమ్మళంగా కూర్చున్నప్పుడు చూస్తే ముప్ఫయ్యేళ్ళ మనిషికీ డెబ్భయ్యేళ్ళ మనిషికీ నాడిలో చెప్పుకోదగ్గ తేడా వుండదు. తగ్గేది వేరొకటి. బాగా శ్రమపడినప్పుడు గుండె అందుకోగల గరిష్ఠ వేగం. 220 లోంచి వయసు తీసేస్తే వచ్చేదే ఆ గరిష్ఠం అని 1970 ప్రాంతాల నుంచి ఒక మోటులెక్క వాడుకలో వుంది. అది ఎక్కువగా మగవాళ్ళని చూసి వేసిన లెక్క. 2010లో అమెరికాలోని చికాగోలో మార్తా గులాటీ అనే డాక్టరమ్మ, ఆమెతో పనిచేసినవాళ్ళు, అయిదు వేలమందికి పైగా ఆడవాళ్ళ వివరాలు చూసి మనకి వేరే లెక్క చెప్పారు. వయసుని 0.88తో హెచ్చవేసి, దాన్ని 206 లోంచి తీసెయ్యాలి. ఆ ప్రకారం ఇరవయ్యేళ్ళ పిల్లకి 188, నలభై ఆరేళ్ళ నాకు 165 చిల్లర, మా అత్తయ్యగారికి 141. ఇవి సగటు లెక్కలే సుమండీ, మనిషికీ మనిషికీ కొంత తేడా వుంటుంది.

దీన్ని బట్టి ఏమైంది? వయసు మన దగ్గర తీసుకునేది పై మెట్లు. కాలేజీ పిల్లతో సమానంగా పెద్దావిడ కొండెక్కలేకపోతే అది వయసు. కాని కింది మెట్టు ఎక్కడిదక్కడే వుండాలి. పడకకుర్చీలో కూర్చున్న మనిషికి నాడి డెబ్భై నుంచి నలభై రెండుకి దిగి, కళ్ళు తిరుగుతూ వుంటే దాన్ని వయసు అని సరిపెట్టుకోకూడదు. దానికి వేరే కారణం వుండి తీరాలి. ఆ కారణం వెతకాలి.

మా ఇంట్లో ఆ కారణం ఎక్కడ దొరికిందో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. ఫ్రిజ్ తలుపులో దొరికింది!

డాక్టరు గారు ముందు ఇ.సి.జి. తీయించారు. తరువాత, "ఆవిడ వాడే మందులన్నీ తీసుకురండి" అన్నారు. మాత్రల డబ్బా పట్టుకెళ్ళాను. బి.పి.కి అటెనొలాల్, కాల్షియం మాత్ర, అంతే. "ఇంకేమీ లేవా? బాగా గుర్తు తెచ్చుకోండి" అన్నారు. లేవన్నాను. అత్తయ్యగారే, "కంట్లో చుక్కలు వేస్తున్నావుగా అమ్మాయ్" అన్నారు. "అది కంటికి కదండీ!" అన్నాను నేను. డాక్టరు గారు కలం కింద పెట్టారు.

ఆ ఏడాది వేసవిలో అత్తయ్యగారికి కంట్లో ప్రెషరు వుందని, అదే నీటికాసులు అంటారే, ఒక కంటి ఆసుపత్రిలో చెప్పి చుక్కల మందు రాసిచ్చారు. పూటకో చుక్క. ఆ మందు పేరు టిమొలాల్. అటెనొలాల్, టిమొలాల్ - పేర్ల చివర చూడండి, రెండూ ఒక్క కుటుంబానివే. రెండూ గుండె వేగాన్ని తగ్గించేవే. కంట్లో వేసిన చుక్క కంట్లోనే వుండిపోదట. కన్నీళ్ళు పోయే సన్నని దారి వెంట ముక్కులోకి దిగి, అక్కడి నుంచి రక్తంలో కలుస్తుంది. చుక్కే గదా అనుకుంటాం. వయసు మళ్ళిన ఒంటికి, అప్పటికే ఒక మాత్ర లోపల పనిచేస్తుండగా, ఆ చుక్క చాలు.

కంటి డాక్టరు గారు బి.పి. మాత్రలేమిటని అడగలేదు. మేము చెప్పలేదు. బి.పి. చూసే డాక్టరు గారికి కంటి సంగతి తెలియదు. ఈ రెండూ ఒకే మనిషి ఒంట్లోకి వెళుతున్నాయని తెలిసినది ఒక్కదాన్నే - మాత్ర చేతికిచ్చేదీ నేనే, చుక్క వేసేదీ నేనే. అయినా నా బుర్రలో మాత్రలు ఒక అరలోను, చుక్కలు ఒక అరలోను వుండిపోయాయి. పైగా నాలుగు నెలలు మిషను అరుస్తున్నా వినిపించుకోకుండా, ఆవిడ వయసు మీదికి తోసేశాను. స్నానాలగదిలో పడిపోయి తుంటి విరిగి వుంటే? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడే.

డాక్టర్లిద్దరూ మాట్లాడుకున్నారు. ఆయన మాత్ర మార్చారు, ఈయన చుక్కల మందు మార్చారు. మూడు వారాలు తిరిగేసరికి అత్తయ్యగారి నాడి 66కి వచ్చింది. నెల దాటాక ఒకరోజు నేను లేచేసరికి వంటింట్లో బెండకాయలు తరిగి వున్నాయి. సోదరీమణులారా, ఆ పళ్ళెం చూసి నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది విని ఎవరూ మాత్రలు మానెయ్యకండి. ఈ జాతి మాత్రల్ని హఠాత్తుగా ఆపితే గుండెకి ప్రమాదం. చుక్కలు ఆపితే కన్ను పోవచ్చు. మార్చవలసింది డాక్టరే. మనం చేయవలసింది, ఎవరి దగ్గరికి వెళ్ళినా చుక్కలు, లేపనాలు, పీల్చే మందులు, ఆయుర్వేదం పొట్లాలతో సహా అన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళి ముందు పెట్టడం. చుక్కలు వేసిన తరువాత కన్ను మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలని వేలితో ఒకటి రెండు నిమిషాలు మెత్తగా నొక్కి పట్టుకుంటే మందు ముక్కులోకి దిగడం తగ్గుతుంది. ఈ చిన్న కిటుకు ఎవరైనా ముందే చెప్పి వుంటే ఎంత బాగుండేదో.

నాడి మందగించడానికి మందులే కారణం కానక్కర్లేదు. థైరాయిడ్ గ్రంథి మందగిస్తే నాడీ మందగిస్తుంది. గుండెలో తాళం కింది గదులకి అందే దారిలో అడ్డు ఏర్పడినా అంతే. దానికి పేస్‌మేకరు అనే చిన్న యంత్రం చర్మం కింద అమరుస్తారు. దాని కథ కూడా వినదగ్గదే. స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే నలభై మూడేళ్ళాయన గుండె ఆగి ఆగి కొట్టుకుంటూ, రోజుకి ఎన్నోసార్లు స్పృహ తప్పేవాడు. ఆయన భార్య ఎల్సె-మారీ వూరుకోలేదు. సెన్నింగ్ అనే సర్జను దగ్గరికి, ఎల్మ్‌క్విస్ట్ అనే ఇంజనీరు దగ్గరికి తిరిగి తిరిగి, లోపల అమర్చే యంత్రం చెయ్యమని పట్టుబట్టింది. 1958 అక్టోబరు 8న దాన్ని అమర్చారు. మనిషి ఒంట్లో పూర్తిగా లోపల అమర్చిన మొదటి పేస్‌మేకరు అదే. ఆ మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. తరువాత మారుస్తూ పోయారు. ఆయన 2001 దాకా, ఎనభై ఆరేళ్ళు బ్రతికాడు - తనని బ్రతికించిన సర్జనూ, ఇంజనీరూ పోయిన తరువాత కూడా! ఒక ఇల్లాలి పట్టుదల ఫలితం చూశారా?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. అత్తయ్యగారి గొడవలో నాడి చూడడం అలవాటయిందా, మావారిది చూశాను, 74. పిల్లలవి చూశాను, 80, 78. అందరివీ క్యాలెండరు మీద రాశాను. అత్తయ్యగారు అడిగారు, "నీదేదీ?" అని. నాది చూసుకోవడం నాకు తోచనే లేదు! కూర్చుని చూసుకుంటే 104.

పనుల కంగారు అనుకున్నాను. మర్నాడు పక్కమీద వుండగానే చూసుకున్నాను. 98. ఆ పై రోజు 102. ఏడాదిగా మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్ళు లాగడం వున్నాయి. "నలభై దాటాక ఇంతేలే" అని నన్ను నేనే సమాధానపరుచుకున్నాను. అత్తయ్యగారి విషయంలో చేసిన పొరపాటే నా విషయంలోనూ చేశానన్నమాట. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.2 అని వచ్చింది. ఆడవాళ్ళకి కనీసం 12 వుండాలి. నెలసరిలో రెండేళ్ళుగా ఎక్కువగా పోతోంది, అదీ ఎవరితోనూ చెప్పలేదు.

రక్తంలో ప్రాణవాయువుని మోసే బళ్ళు తగ్గిపోతే, వున్న బళ్ళే ఎక్కువసార్లు తిరగాలి. అందుకని గుండె పరుగెడుతుంది. ఇది నా ఒక్కదాని కథ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత వుందని తేలింది. మన తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఇంచుమించు అంతే. అంటే ఇది చదువుతున్న మన పదిమందిలో అయిదారుగురం. డాక్టరమ్మ నెలసరి సంగతి చూసి వైద్యం చేసి, ఐరన్ మాత్రలిచ్చారు. కాఫీ టీలతో కలిపి వేసుకోవద్దన్నారు, వాటివల్ల ఇనుము ఒంటికి పట్టదట. నిమ్మరసం, ఉసిరికాయ వంటి పులుపుతో అయితే బాగా పడుతుందట. కొన్ని నెలలకి నా నాడి 80కి దిగింది. ఆయాసం పోయింది.

విశ్రాంతిలో నాడి వేగంగా వుండడానికి రక్తహీనతతో పాటు థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, దిగులు, కొన్ని మందులు, గుండె జబ్బులు - ఇలా చాలా కారణాలుంటాయి. ఏదన్నది పరీక్ష మీదే తేలుతుంది. ఆడవాళ్ళు గుండెదడ అంటే "నరాల బలహీనత, బెంగ" అని కొట్టిపారేసేవాళ్ళు ఇంకా వున్నారు. అంకె రాసి చూపించండి. "దడగా వుంటోందండీ" అనే మాటకన్న "పది రోజులుగా పొద్దున్న లేవగానే నూటికి పైన వుంటోందండీ" అనే మాటకి విలువ ఎక్కువ.

వేగంతోపాటు వరస కూడా గమనించండి. నాడి గడియారంలా సమంగా నడవాలి. అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పడం చాలామందిలో వుండేదే. కాని ఏ వరసా లేకుండా, వడగళ్ళు పడ్డట్టు చిందరవందరగా కొట్టుకుంటూ వుంటే, ముఖ్యంగా అరవై దాటినవాళ్ళలో, ఆలస్యం చేయకుండా ఇ.సి.జి. తీయించాలి. ఆ రకం తాళం తప్పడం వల్ల గుండెలో రక్తం గడ్డ కట్టి పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుంది. దానికి మందులున్నాయి.

మొత్తం మీద గుర్తుంచుకోవలసినవి ఇవి. విశ్రాంతిలో పదేపదే నూరు దాటినా, ఆటలూ పరుగులూ అలవాటు లేని మనిషికి అరవై లోపు పడిపోయి నీరసం, కళ్ళు తిరగడం వున్నా, వరస తప్పినా డాక్టరుకి చూపించాలి. ఏ బాధా లేకపోయినా యాభైకి దిగువన వుంటే ఒకసారి చూపించుకోవడం మంచిది. వీటిలో దేనితోపాటయినా గుండెలో నొప్పి, స్పృహ తప్పడం, ఊపిరి ఆడకపోవడం వుంటే ఇక లెక్కలు పెడుతూ కూర్చోకండి, 108కి ఫోను చేయండి. ఇంకొకటి - అందరికీ ఒకే అంకె వుండాలని లేదు. మీ మామూలు అంకె ఎంతో మీకు తెలియాలి. అరవై ఎనిమిది వుండే మనిషికి తొంభై అయితే, అది నూరు లోపలే గదా అని వదిలెయ్యకూడదు.

కరోనా రోజుల్లో, 2021లో, వేలికి తగిలించుకునే చిన్న పరికరం కొనని ఇల్లు లేదు. ప్రాణవాయువు శాతం చూసి లోపల పారేశాం. దానిలోనూ రెండో అంకె నాడే. సొరుగు వెతికి తీయండి. బ్యాటరీ మార్చండి. ఏదీ లేకపోయినా మూడు వేళ్ళూ, ఒక గోడ గడియారమూ వున్నాయి గదా.

మా ఇంట్లో ఇప్పుడు ప్రతి సోమవారం ఉదయం క్యాలెండరు గడిలో అందరి అంకెలూ పడతాయి. అత్తయ్యగారే పెత్తనం. నా చెయ్యి పట్టుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, గడియారం చూస్తూ పెదాలతో లెక్కపెడతారు. మధ్యలో నేను పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేవబోతే, "కూర్చో అమ్మాయ్, పొంగితే పొంగాయి. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాలి" అంటారు.

మీరు కూడా రేపు పొద్దున్న పక్క దిగకముందు ఒక్క నిమిషం కూర్చోండి. ముందు మీది చూసుకోండి. తరువాతే ఇంట్లో మిగతా వాళ్ళవి.